నేను దిద్దుకున్న లెక్క



మాది తిరుచానూరు. పద్మసరోవరం, వానలొస్తే స్వర్ణముఖి, నాకు తెలిసిన పెద్ద నీళ్ళు ఇవే. నత్త అంటే వీపు మీద గుల్ల ఉండాల్సిందే అనుకునేవాణ్ణి. సముద్రంలో గుల్ల లేని నత్తలుంటాయనీ, వాటిని లెక్కపెట్టను పోతున్నామనీ చెబితే మా అవ్వ, "తినేదానికి కాకుండా నత్తల్ని ఎవురైనా వెతుకుతారా నాయనా?" అని నవ్వింది.

విశాఖపట్నంలో జోడుగుళ్ళపాలెం దగ్గర రాళ్ళ తీరానికి పోయినాము. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం బాగా వెనక్కి పోతుంది, రాళ్ళు బయటపడతాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు తాడు చట్రం పరిచి, మోకాటిలోతు నీళ్ళలో వంగి, అద్దాలు పెట్టుకుని ముఖం ముంచి చూడాలి. దేన్నీ ముట్టకూడదు. రాయి కదిపితే ఎట్లుండేదో అట్లే పెట్టాలి.

అరగంట దాకా ఏమీ కనపడలేదు. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయినాయి. ఆఖరికి ఒకటి కనపడింది! చిటికెన వేలి గోరంతే ఉంది. తల మీద రెండు కొమ్ములు, వాసన పట్టేది వాటితోనే. వీపు వెనక పువ్వు మాదిరి మొప్పలు. వీటిలో కొన్ని జాతులు కుట్టే జీవుల్ని తిని, ఆ కుట్టే కణాలను తమ వీపులోనే దాచుకుంటాయంట. గుల్ల లేకపోయినా ఆయుధముంది!

నాకు దొరికినవి 2. పక్క జట్టుకు 6. సిగ్గేసి నేను 5 అని రాసేసినా.

రాత్రి సార్ ఒక సంగతి చెప్పినారు. వాల్టర్ ఇలియట్ అనే దొర వాల్తేరులో ఉన్నప్పుడు ఇట్లాంటి నత్తల్నే సేకరించినాడు. ఆల్డర్, హాంకాక్ అనే ఇద్దరు వాటి వివరాలు 1864లో లండన్‌లో అచ్చువేయించినారు. ఒకదానికి మన కళింగ పేరే పెట్టి 'కళింగ ఆర్నాటా' అన్నారు. 160 ఏళ్ళు దాటినా ఆ పేరే నడుస్తోంది.

నాకు నిద్ర పట్టలేదు. నా 5ను కూడా ఎప్పుడో ఎవరో చూస్తే? వాళ్ళు 2 చూసి, "అయ్యో, మూడు తగ్గిపోయినాయే" అనుకుంటారు గదా! అసలు లేనివి ఎట్లా తగ్గుతాయి?

పొద్దున్నే సార్‌కు చెప్పేసినా. ఆయన తిట్టలేదు. "5 కనపడేటట్టే కొట్టేసి, పక్కన 2 రాసి సంతకం పెట్టు. ఏమీ కనపడకుంటే సున్నా రాయాల. సున్నా కూడా లెక్కే" అన్నారు.

ఇంటికి రాగానే అవ్వ, "ఎన్ని దొరికినాయిరా?" అనింది.

"రెండే అవ్వా" అన్నాను. ఈసారి సిగ్గేయలేదు.

— 9వ తరగతి విద్యార్థి