పక్క ఊరే గదా!

పిల్లలూ! ఒకప్పుడు సూర్యాపేటలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడు ఇప్పుడు పెద్ద ఇంజనీరు. భార్యాబిడ్డలతో స్వీడన్ దేశంలో మాల్మో అనే ఊళ్ళో వుంటున్నాడు. పోయిన నెల టెలిఫోను చేసి, "మాస్టారూ, మేము డెన్మార్కుకు మారిపోతున్నామండీ. కోపెన్‌హాగెన్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. మా అమ్మాయి మాత్రం ముఖం ముడుచుకుని కూర్చున్నది. మీరు కాస్త చెప్పండి" అన్నాడు.

ఆ అమ్మాయికి పదేళ్ళు. ఆ పిల్ల నాతో యేమన్నదో తెలుసా? "తాతగారూ, కోపెన్‌హాగెన్ పక్క ఊరే గదా! రైలెక్కితే గంటలోపే చేరుకుంటాం. రెండు భాషలూ అక్కచెల్లెళ్ళలాగా వుంటాయి. మరి నాకు యేడుపు యెందుకు వస్తున్నది?"

ఎంత మంచి ప్రశ్న! జవాబు చెప్పే ముందు ఆ పక్క ఊరి సంగతి మీకు కొంచెం చెప్పాలి.

స్వీడన్‌కూ డెన్మార్కుకూ మధ్య ఓరెసండ్ అనే జలసంధి వున్నది. 2000వ సంవత్సరంలో అక్కడ కొత్త దారి తెరిచారు. రైళ్ళూ కార్లూ కొంతదూరం వంతెన మీదా, తరువాత సముద్రం అడుగున సొరంగంలోనూ పోతాయి. డెన్మార్కు, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ దేశాలను నార్డిక్ దేశాలంటారు. ఒక నార్డిక్ దేశపు పౌరుడు మరొక నార్డిక్ దేశంలో అనుమతిపత్రం లేకుండానే కాపురం వుండవచ్చు, పని చేసుకోవచ్చు. అటువంటి ఒడంబడిక 1954లోనే మొదలయింది. నా శిష్యుడు భారత పౌరుడు గనక, అతను మాత్రం కొత్తగా అనుమతి తీసుకోవలసిందే. రెండు దేశాల నాణెం పేరూ దాదాపు ఒకటే, క్రోన. అయినా అక్కడి క్రోన వేరు, ఇక్కడి క్రోన వేరు.

మాటలు కూడా అంతే. స్వీడిష్ భాషలో ఒక మాటకు 'సరదా' అని అర్థం. అవే అక్షరాలతో డేనిష్ భాషలో రాస్తే దానికి 'నెమ్మది' అని అర్థం. ఈ పిల్ల ఒక డేనిష్ పిల్లతో, "మీ ఇల్లు భలే సరదాగా వున్నది" అన్నదట. ఆ పిల్లేమో, తమ ఇంట్లో చప్పుడు లేదంటున్నదనుకున్నదట!

అప్పుడు నేను, "అమ్మాయీ, నాకూ ఒకసారి ఇలాగే జరిగింది" అని నా కథ చెప్పాను. మీకూ చెబుతాను.

అది 1970. నాకు తొమ్మిదేళ్ళు. గుడివాడ దగ్గర మా ఊరు. మా నాన్నగారు అక్కడి కొద్దిపాటి పొలం అమ్మి, మిర్యాలగూడ దగ్గర పొలం కొన్నారు. ఎందుకంటారా? నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవ గుంటూరు వైపు పోతుంది, దానికి జవహర్ కాలవ అని పేరు. ఎడమకాలవ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాలకు నీరిస్తుంది, దానికి లాల్‌బహదూర్ కాలవ అని పేరు. అంతవరకు చెరువుల కిందా బావుల కిందా తప్ప వరి యెరగని భూములకు కృష్ణ నీళ్ళు వచ్చాయి. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చే రోజులవి. అందుకని చాలామంది రైతులు మూటాముల్లె సర్దుకుని ఇటు వచ్చారు. మేమూ వచ్చాము.

లారీలో మంచాలు, ఇత్తడి బిందెలు, వాటి మీద మేము. బెజవాడ, నందిగామ, జగ్గయ్యపేట దాటాం. పాలేరు దాటి కోదాడ చేరాం. అక్కడ టీ తాగుతూ నాన్నగారు, "ఒరే, పూర్వం ఇక్కడికి వస్తే నిజాంగారి రాజ్యానికి వచ్చినట్లే. సుంకం కట్టాలి, డబ్బు మార్చుకోవాలి. వాళ్ళది హాలీ రూపాయి. మన రూపాయలు ఆరిస్తే వాళ్ళవి సుమారు ఏడు వచ్చేవి. 1956లో అంతా ఒకటే రాష్ట్రం అయింది. ఇప్పుడు ఇది పక్క ఊరే గదా!" అన్నారు.

పక్క ఊరే! రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. మాట్లాడేది తెలుగే. ఇక భయం దేనికి?

మర్నాడు మా అమ్మ అంగడికి వెళ్ళి ఉల్లిపాయలు అడిగింది. "ఉల్లిగడ్డలా అమ్మా?" అన్నాడు కొట్టతను. బంగాళాదుంపలు అడిగితే, "ఆలుగడ్డలా?" అన్నాడు. అమ్మ ఇంటికి వచ్చి, "ఈ ఊళ్ళో అన్నీ గడ్డలేనండీ!" అన్నది. మేమంతా పడీ పడీ నవ్వాం.

బడిలో నవ్వు మా వంతు కాదు. నేను మాటమాటకూ 'అండీ' అంటానని పిల్లలు నాకు 'అండీ' అనే పేరు పెట్టారు. నాకు యేడుపు వచ్చింది. కసి తీరక, వాళ్ళు మజ్జిగను 'సల్ల' అంటే నేనూ వెక్కిరించాను. నా పక్కన కూర్చునే పిల్లవాడు ఒక్కడే నన్ను యేమీ అనేవాడు కాదు.

ఒకరోజు ఇద్దరం పిల్లకాలవ దగ్గరికి వెళ్ళాం. కాలవ నిండుగా వున్నది. నేను నాచుపట్టిన రాతి మీద కాలు పెడుతున్నాను. వాడు వెనక నుంచి, "పైలం! పైలం!" అని అరిచాడు. పైలం యెవరో, వాణ్ణి యెందుకు పిలుస్తున్నాడో అనుకుని వెనక్కి తిరిగాను. కాలు జారింది! వాడు ఒక్క గంతు వేసి నా చొక్కా పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది గాని ప్రాణం దక్కింది.

"పైలం అన్న గదరా! ఇనబడలేదా?" అన్నాడు వాడు వణుకుతూ.

"పైలం అంటే యెవరు?" అన్నాను.

వాడు తెల్లబోయి చూశాడు. "పైలమంటే జాగ్రత్త!"

చూశారా, పిల్లలూ? బొత్తిగా తెలియని భాష అయితే మనం ముందే అడిగి తెలుసుకుంటాం. తెలిసిన భాషే గదా అని అడగడం మానేస్తాం. ప్రమాదమంతా అక్కడే వున్నది.

ఇంకొక సంగతి వున్నది. అది చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా వుంటుంది. ఒకరోజు వాణ్ణి మా పొలానికి తీసుకుపోయాను. గట్టు మీద నిలబడి వాడు, "ఇది మా చెలక" అన్నాడు. చెలక అంటే వానకు పండే మెట్టభూమి అని అప్పటికి నాకు తెలియదు. 'మా' అన్న మాట మాత్రం తెలిసింది. "మీదెట్లా అవుతుంది? మా నాన్నగారు డబ్బిచ్చి కొన్నారు!" అని గట్టిగా అరిచాను. వాడు బదులు చెప్పలేదు. గట్టు మీది వేపచెట్టును ఒకసారి చేత్తో తడిమి, ఇంటికి వెళ్ళిపోయాడు.

రాత్రి ఈ సంగతి నాన్నగారికి ఫిర్యాదు చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వాడు అబద్ధం ఆడలేదురా. అది వాళ్ళ తాత దగ్గర కొన్నదే. ఆయన అడిగిన ధర ఇచ్చాను. కాని కాలవ నీళ్ళు పారితే భూమి విలువ యెంత పెరుగుతుందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. జొన్నచేను ధరకే ఇచ్చేశాడు" అన్నారు.

మర్నాడు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని ఆ తాత దగ్గరికి వెళ్ళారు. "పెద్దాయనా, ఆ పొలాన్ని మీరు యేమని పిలిచేవాళ్ళు?" అని అడిగారు. ముసలాయన కాసేపు ఊరుకుని, "యాపచెట్టు చెలక" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పేరు అడిగినంత మాత్రాన భూమి తిరిగి వస్తుందా? రాదు. కాని ఆనాటి నుంచి మా ఇంట్లో అందరమూ దాన్ని యాపచెట్టు చెలక అనే పిలుస్తున్నాం, వరి పండుతున్నా సరే. ఆ చెట్టు కొట్టలేదు. నా మిత్రుడు మర్నాడే మళ్ళీ నా పక్కన కూర్చున్నాడు.

పెద్దయ్యాక నేను సూర్యాపేటలో పంతులునయ్యాను. ఒకసారి ఒక పిల్లవాడు వ్యాసంలో "మా అవ్వ సల్ల చిలుకుతది" అని రాస్తే, యెర్రసిరాతో కొట్టేశాను. వాడి ముఖం చూడగానే ఆ వేపచెట్టు దగ్గరి ముఖం గుర్తుకు వచ్చింది. "తప్పు నాదిరా! నీ మాట నువ్వు వుంచుకో, పక్కన మజ్జిగ అని కూడా నేర్చుకో" అన్నాను. ఆ పిల్లవాడే ఇప్పుడు మాల్మోలో వున్న ఇంజనీరు!

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం యేర్పడింది. మా లారీ దాటినప్పుడు లేని సరిహద్దు ఇప్పుడు కోదాడకూ జగ్గయ్యపేటకూ మధ్య వున్నది. అయినా పెళ్ళిళ్ళకూ బేరాలకూ జనం అటూ ఇటూ తిరుగుతూనే వున్నారు.

ఇదంతా విని ఆ అమ్మాయి, "అయితే నేను యేం చెయ్యాలి, తాతగారూ?" అన్నది.

"యేడుపు వస్తే యేడువమ్మా, తప్పులేదు. పక్క ఊరయినా ఇల్లు ఇల్లే. అక్కడికి వెళ్ళాక మాత్రం, తెలుసు అనుకున్నదాన్ని కూడా అడుగు" అన్నాను.

పిల్లలూ, మీ తరగతిలోకి ఇంకొక ఊరి పిల్లవాడు వస్తే, వాడి మాటకు నవ్వే ముందు దాని అర్థం అడగండి. మీ మాట ఒకటి వాడికి నేర్పండి.

మొన్న మళ్ళీ టెలిఫోను మోగింది. ఈసారి కోపెన్‌హాగెన్ నుంచి. "తాతగారూ! ఇక్కడ పైలాన్ని 'పస్ పో' అంటారు. మొదటిరోజే అడిగాను!" అన్నది ఆ పిల్ల.