నానక్‌రామ్‌గూడలో రెండు దినములు

గత మాఘమాసమున మా యక్క నాకొక పని యప్పగించినది. ఆమె కుమార్తె హైదరాబాదు నగరమున నానక్‌రామ్‌గూడలో ఉద్యోగము చేయుచున్నది. మంచి సంబంధము వచ్చినది గాని, వరుని తల్లిదండ్రులు రాత్రివేళల పనిచేయు కోడలు తమకు వలదనిరి. “నా మాట అది వినదు. పిన్నివి, నీ మాట వినును. పని మాన్పించి వెంటబెట్టుకొని రమ్ము” అని అక్క కన్నీరు పెట్టుకొనెను. మావారికి పాఠశాలలో పరీక్షల దినములగుటచే నేనొంటరిగనే బయలుదేరితిని.

సూర్యాపేటలో బస్సెక్కి, ఎల్.బి. నగరున దిగి, మెట్రో రైలులో అమీరుపేట చేరి, అచట బండి మారి రాయదుర్గమున దిగితిని. ఆ మార్గమచటితో ముగియును. అచటినుండి ఆటోలో పోవుచుండగా కనబడిన దృశ్యము చిత్రమైనది. ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లున్న పెద్ద పెద్ద గుండ్లు. వాని ప్రక్కనే ఆకాశమునంటు అద్దాల మేడలు. నానక్‌రామ్‌గూడ నిన్నమొన్నటివరకు పల్లె. ఇప్పటికిని లోపలి వీథులలో పాత యిండ్లును, చిన్న అంగళ్లును ఉన్నవి. నగరమును చుట్టివచ్చు బాహ్యవలయ రహదారి ఈ ప్రక్కనే పోవుచున్నది.

అమ్మాయి మరి ముగ్గురు పిల్లలతో కలిసి ఒక వాటాలో నున్నది. నన్ను చూచి సంతోషించి, తానే వండి వడ్డించినది. సాయంకాలము ఆరున్నర కాగానే గణకయంత్రము ముందు కూర్చుండినది. అమెరికాలోని డెట్రాయిటులో అప్పుడు ఉదయమెనిమిది గంటలట! అచటివారి తెల్లవారుట ఇచటివారి దీపాలవేళ. ఆమె లేచుసరికి అర్ధరాత్రము దాటినది.

“ఇంత రాత్రివరకు చేయు పనియేమే?” అని యడిగితిని.

“బండ్ల బ్రేకులు, పిన్నీ. తడిసిన దారిలో బ్రేకు గట్టిగా త్రొక్కినచో చక్రము బిగిసి బండి జారును. కనుక చక్రము బిగియబోవుచున్నదని కనిపెట్టి, పట్టు వదలి, మరల పట్టి, సెకనులో ననేక పర్యాయములట్లు చేయు సాధనమొకటి బండిలో నుండును. ఎప్పుడు వదలవలెనో, ఎప్పుడు పట్టవలెనో దానికి చెప్పు వ్రాతలో తప్పులు వెదకుట నా పని.”

నాకాశ్చర్యమైనది. మోటారనిన ఇనుము, నూనె, సుత్తి యని యెరుగుదును గాని, వ్రాత యని యెరుగను. ఆమె ఆ రాత్రి చెప్పినదియు, నేను పిదప చదివినదియు కలిపి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

హెన్రీ ఫోర్డు 1903లో డెట్రాయిటున సంస్థ స్థాపించి, 1908లో మోడల్ టి యను బండిని 850 డాలర్లకు అమ్మసాగెను. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున క్రొత్త పద్ధతి పెట్టెను. మన యిండ్లలో అప్పడములు చేయునపుడు ఒకతె పిండి కలుపును, ఒకతె ఉండలు చేయును, ఒకతె ఒత్తును, ఒకతె ఎండబెట్టును గదా! అట్లే ప్రతివాడును ఒక్క పనియే చేయుచుండగా బండియే వాని ముందుకు కదలివచ్చును. పన్నెండున్నర గంటలు పట్టు చట్రపు కూర్పు గంటన్నరలో ముగిసెను. కాని దినమెల్ల ఒకే మర బిగించుటకు విసిగి పనివాండ్రు మానిపోవుచుండిరి. అందుచే 1914లో దినమునకు ఐదు డాలర్ల కూలి ప్రకటింపవలసివచ్చెను. బండి వెల పదేండ్లలో మూడువందల డాలర్లకు దిగెను.

స్త్రీలకు ముఖ్యమైన మార్పు వేరొకటి. తొలుత ఇంజను కదల్చుటకు ముందువైపు ఇనుప పిడి త్రిప్పవలసియుండెను. అది ఎదురు తిరిగినచో చేయి విరుగును. 1912లో కాడిలాక్ బండికి విద్యుత్తుతో కదల్చు సాధనమమర్చిరి. బాహుబలముతో పని లేకపోవుటచే స్త్రీలు బండి నడపుట సుకరమైనది. 1936–37లో ఫ్లింటు నగరమున జనరల్ మోటార్సు పనివాండ్రు నలుబదినాలుగు దినములు కర్మాగారములోనే కూర్చుండి సమ్మె చేసినపుడు, వారి భార్యలును అక్కచెల్లెండ్రును వెలుపల కాపలా నిలిచి, పోలీసులు వదలిన బాష్పవాయువు బయటికి పోవుటకై కిటికీలు పగులగొట్టిరట!

బండిలోనికి వ్రాత యెట్లు వచ్చినది? 1970లో అమెరికా ప్రభుత్వము గాలిని చెరుపరాదని గట్టి శాసనము చేసెను. 1973లో అరబ్బు దేశములు నూనె నాపగా ధర మండిపోయెను. తక్కువ నూనె త్రాగు జపాను బండ్లకు గిరాకి పెరిగెను. నూనెను బొట్టుబొట్టుగా లెక్కించి యింజనుకు పోయుట మనిషి చేతికిని, ఇనుప మీటలకును అసాధ్యమగుటచే గణకయంత్రము బండిలో ప్రవేశించెను. 2009లో జనరల్ మోటార్సు, క్రైస్లరు సంస్థలు దివాలాకు చేరి, ప్రభుత్వ ధనముతో మరల లేచెను. క్రైస్లరు ఇటలీవారి ఫియట్‌తో చేరెను. ఆ ఉమ్మడి సంస్థయే 2020 డిసెంబరులో హైదరాబాదున పదిహేనుకోట్ల డాలర్లతో సాంకేతిక కేంద్రము పెట్టుదుమని ప్రకటించి, మరునెలలో ఫ్రాన్సు సంస్థతో కలిసి స్టెలాంటిస్ అయ్యెను. బ్రేకులు, గాలిసంచులు చేయు అమెరికా సంస్థ టి.ఆర్.డబ్ల్యు.ను 2015లో జర్మనీవారి జెడ్.ఎఫ్. కొనెను, ఆ జెడ్.ఎఫ్.వారి కేంద్రము నేను దిగిన ఈ నానక్‌రామ్‌గూడలోనే యున్నది.

ఇంత వినిన పిదప నా మనసున భయము పుట్టినది. 1950లో పదునెనిమిది లక్షలకు పైబడిన డెట్రాయిటు జనసంఖ్య 2020 నాటికి ఆరున్నర లక్షలకు లోబడినది. “అచటి చేతులను విడిచిన పని రేపు మిమ్మును విడువదా?” అని యడిగితిని.

“విడువవచ్చును, పిన్నీ. కాని పని పోయినను నేర్చినది నాతో నుండును. ఇప్పుడే మానితినా, నేర్చుటయే పోవును. ఒక్క యేడు గడువిమ్మని అమ్మతో చెప్పుము. ఆ పిమ్మట పగటి పని యడుగుదును” అని యామె తల వంచుకొని చెప్పినది.

మరునాడు వేకువను ఊరిలోని పాత రంగనాథస్వామి యాలయమునకు పోయితిమి. మంటపమున కూర్చుండగా చిన్ననాడు మా తండ్రిగారు భారతమున చదివించిన నలుని కథ తలపునకు వచ్చినది. రథము తోలుటలో నలునికి సాటి లేడు. అయినను, దారిలో తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుమాత్రమున లెక్కించిన ఋతుపర్ణునినుండి సంఖ్యావిద్య గ్రహించిన తరువాతనే కలి యాతనిని వదలెను. రథమెరిగినవానికిని లెక్క కావలసివచ్చినది. మా పిల్ల ఆ లెక్కనే నేర్చుచుండగా చేయి పట్టి లాగుకొని పోవుట నాకు న్యాయమనిపింపలేదు.

ఒంటరిగా పోయి ఒంటరిగా తిరిగివచ్చితిని. సంబంధము తప్పినది. అక్క నాతో పదిదినములు మాటలాడలేదు. ఆ తప్పిన సంబంధమునకు నేనును కొంత కారణమే. ఆ బాధ నాకిప్పటికిని ఉన్నది.

మొన్న తొలకరి వానలో మేమిద్దరమును బస్సులో పోవుచుండగా గేదె యడ్డము వచ్చినది. బస్సు జారక నిలిచినది. అక్క నా చేయి పట్టుకొని, “ఇందులో మన పిల్ల వ్రాత యుండునా?” అని యడిగినది. తెలియదంటిని. కొంతసేపటికి, “ఈసారి వచ్చినపుడు దానికి సున్నియుండలు చేయవలెను, రాత్రులు ఆకలి వేయును గదా” అన్నది.

సోదరీమణులారా, దూరమున పనిచేయు కూతురిని ఇంటికి రమ్మని పిలుచుటకు ముందు, ఒకమారు మీరే పోయి చూచిరండు.