ఏ గొంతుతో నిద్ర లేవాలి

కొత్త ఫోను చేతికి రాగానే తెర మీద పిల్లల ఫొటో పెట్టుకుంటాం, కవరు తొడుగుతాం, రింగ్‌టోను మార్చుకుంటాం. అలారం జోలికి మాత్రం పోం. కంపెనీవాళ్లు ఏ మోత పెట్టి పంపితే దానితోనే ఏళ్ల తరబడి నిద్ర లేస్తాం. రింగ్‌టోనైతే బస్సులో పక్కవాళ్లూ వింటారు. అలారం మన కోసమే మోగేది, అదీ రోజు మొత్తంలో మొట్టమొదట చెవిన పడేది. శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదేనని నా గట్టి నమ్మకం.

రాత్రి రైల్లో చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి ఏదో బెర్తులో ఐఫోను అలారం మోత ‘రాడార్’ మోగుతుంది. పైనున్నవాళ్లు, కిందున్నవాళ్లు, ఎదుటివాళ్లు అందరూ తలగడ కింద తడుముకుంటారు. ఎవరిని లేపాలో దానికి తెలియదు. మా చిన్నప్పటి కీ ఇచ్చే గడియారానికీ తెలియదనుకోండి. పరీక్షల రోజుల్లో మోత ఇంకా గట్టిగా రావాలని దాన్ని స్టీలు పళ్లెంలో నిలబెట్టి పడుకునేవాళ్లం. పాపం దానికి ఉన్నది ఆ ఒక్క గంటే. ఇప్పుడు చేతిలో ఉన్నదానికి మనం ఏ గొంతు ఇస్తే ఆ గొంతు.

మార్చుకుందామనుకున్నవాళ్లు ముందుగా చేసే పని, ప్రాణప్రదమైన పాట పెట్టుకోవడం. వద్దంటాను. కొన్నాళ్లకు ఆ పల్లవి ఎక్కడో పెళ్లిపందిట్లో వినిపించినా సరే, లేవాలి కాబోలని ఒళ్లు ఉలిక్కిపడుతుంది. ఇళయరాజా పాటకు ఆ గతి పట్టించకూడదు. అలాగని చెవులు చిల్లులు పడే బీప్ మోతా మేలు కాదు. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 మందిని ప్రశ్నించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాస్త రాగం ఉన్న శబ్దంతో లేచేవాళ్లు, లేచాక నిద్రమత్తు తక్కువగా ఉంటోందని చెప్పారట. 50 మంది మాటతో తీర్పు చెప్పేయలేం గాని, నా అనుభవానికి అది సరిపోయింది.

మన ఇళ్లలో చాలామంది ఎంచుకునేది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం. 1963లో రికార్డయి వచ్చింది. వాద్యాల హోరు లేకుండా గొంతు మీదే నడుస్తుంది. పైగా అది పుట్టిందే మేల్కొలపడానికి. అయినా మా పిన్ని దాన్ని అలారంగా పెట్టుకోనివ్వదు. మొదలైన సుప్రభాతాన్ని రెండు పాదాలకే వేలితో నొక్కి ఆపేయడం ఆవిడకు నచ్చదు. లేచి, మొహం కడుక్కుని, దీపం పెట్టి, అప్పుడు పూర్తిగా వింటుంది. లేవడానికి ఆవిడ పెట్టుకున్నది గుడిగంట శబ్దం. ఆ పట్టింపు నాకు నచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం మనిషి గొంతు. నిద్రలో కూడా మన పేరు మనకు వినిపిస్తుందట. ఇయన్ ఆస్వాల్డ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 1960లోనే దీన్ని పరీక్షించారు. పడుకున్నవాళ్ల దగ్గర రకరకాల పేర్లు వినిపిస్తే, సొంత పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాల్లో కదలిక ఎక్కువగా కనిపించింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రివాళ్లు ఇంకో సంగతి చూశారు. ఇంట్లో పొగ వస్తే మోగే అలారం మామూలు కూతకు 53 శాతం పిల్లలే లేస్తే, తల్లి గొంతుకు దాదాపు 90 శాతం మంది లేచారు. అమ్మలకు ఈ విషయం ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. మొదటి పిలుపు ముద్దుగా, రెండోది దుప్పటి లాగుతూ, మూడోది పూర్తి పేరుతో. ఆరైనా ‘ఏడైపోయింది లే’ అని కేకేయడం సరేసరి.

ఈ ధైర్యంతోనే మా నాన్న ఫోను మార్చాను. ఆయనకు రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర. ఫోను మోగేది, ఎవరో ఫోను చేస్తున్నారనుకుని ఆపేసేవారు, మాత్ర మిగిలిపోయేది. ఒక ఆదివారం మా అక్క కొడుకును కూర్చోబెట్టి చెప్పించాం: “తాతయ్యా, భోజనం అయిందా? బీపీ మాత్ర వేసుకో. తెల్లది, సగం ముక్క.” వెనక కుక్కరు విజిల్ కూడా పడింది. మళ్లీ చెప్పిద్దామంటే నాన్న ఒప్పుకోలేదు, అదే బాగుందన్నారు.

పని పెద్దదేం కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో రికార్డరుతో మాట రికార్డు చేసి, ఆ ఫైలును ‘అలారమ్స్’ అనే ఫోల్డరులోకి మారిస్తే, గడియారం యాప్‌లో తక్కిన మోతల సరసన అదీ కనిపిస్తుంది. ఒక్కో అలారానికి ఒక్కో శబ్దం పెట్టుకోవచ్చు. పొద్దున మంచినీళ్ల కుళాయికి మోటారు వేయమని చెప్పేది అక్క గొంతు. ఒకటి మరవకండి: అలారం వాల్యూమ్ వేరు, పాటల వాల్యూమ్ వేరు. పెద్దవాళ్ల ఫోనులో మొదటిది పూర్తిగా పెంచి, ఒకసారి పక్క గదిలో నిలబడి విని చూడాలి.

మాత్ర వేళకు ఫోను పిలవగానే నాన్న ‘ఆఁ, వేసుకుంటున్నా’ అని పైకే అంటారు, మంచినీళ్ల గ్లాసు అందుకుంటూ. మొన్న డాక్టరుగారు సగం ముక్క కాదు, పూర్తి మాత్ర వేసుకోమన్నారు. వెంటనే పాత మాట తీసేసి, ప్రస్తుతానికి నా గొంతు పెట్టాను. నాన్నకు అది ఆనలేదు. ఆదివారం పిల్లవాడు వస్తాడు, కొత్తది చెప్పించాలి.