నంద్యాల దారిలో ఒక మాజూర్

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. షరీఅతు లెక్కలో అది ప్రయాణమే కాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల దూరం వెళ్ళే సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవాడే ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా తగ్గేది అతనికే. ఈ మసలాను మద్రసా పిల్లలకు చెప్పేటప్పుడు మేము ఎన్నో ఏళ్లుగా ఒకే ఉదాహరణ వాడుతున్నాము: నంద్యాలకు పోయినవాడు ఖసర్ చేయడు, కర్నూలుకు పోయినవాడు చేస్తాడు. పిల్లలు నవ్వుతూ గుర్తుపెట్టుకుంటారు. ప్రయాణమే కాని ఆ దూరం ఎంత పొడవో మాకు మొన్నటి చలికాలం ఒక రాత్రి తెలిసింది.

రెండు రోజులుగా జలుబు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకున్నాము. ఇషా నమాజు చదివించి ఇంటికి వచ్చాక మూత్రం పూర్తిగా ఆగిపోయింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. నిలబడలేము, కూర్చోలేము. పక్కింటివారి కారులో మా పెద్దబ్బాయి వెనుక సీటులో పడుకోబెట్టి బయలుదేరాడు. శిరివెళ్ళ మెట్ట వచ్చేసరికే అర్ధరాత్రి దాటింది. రోడ్డు మీది ప్రతి చిన్న గతుకూ కడుపులోనే తగిలింది. "అబ్బా, వచ్చేశాం, ఇంకొంచెమే" అని వాడు అంటూనే ఉన్నాడు. మాకు కలిమా తప్ప మరేమీ నోట రాలేదు.

నంద్యాల ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు సన్నని రబ్బరు గొట్టం లోపలికి పంపాడు. నిమిషాల్లో 900 మిల్లీలీటర్లు సంచిలోకి దిగింది. మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చేటప్పుడు, బాధను తొలగించి ఆరోగ్యమిచ్చిన అల్లాహ్‌ను స్తుతించే ఒక దుఆ ఉన్నది. చిన్ననాటి నుంచి రోజుకు ఎన్నిసార్లో చదివాము. దాని అర్థం మాకు తెలిసింది ఆ మంచం మీదనే.

"జలుబు మాత్రల్లో కొన్ని మూత్రాశయపు మెడను బిగిస్తాయి సార్. ప్రోస్టేట్ పెరిగిన మనిషి అడగకుండా వేసుకోరాదు" అన్నాడు డాక్టరు. మాకు ప్రోస్టేట్ పెరిగినట్టు ఎవరు చెప్పారని అడగబోయి ఊరుకున్నాము. దేహం రెండేళ్లుగా చెబుతూనే ఉన్నది. మేమే వినలేదు.

మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ అక్రూట్ కాయంత ఉండే గ్రంథి అది. పురుషులకు మాత్రమే ఉంటుంది. వయసు మళ్ళేకొద్దీ చాలామందిలో పెరుగుతుంది. యాభైలలో దాదాపు సగం మందిలోను, ఎనభై దాటాక పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందిలోను ఈ పెరుగుదల కనిపిస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఇది క్యాన్సరు కాదు. అయినా నాళాన్ని నొక్కివేస్తుంది. ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, అయిపోయిందనుకుని లేచాక మళ్ళీ చుక్కలు పడతాయి, రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి వస్తుంది.

ఆ చుక్కల దగ్గరే మేము దారి తప్పాము. మూత్రపు తుంపరల విషయంలో అజాగ్రత్త సమాధిలో శిక్షకు కారణమవుతుందని హదీసు హెచ్చరించింది. అందుకే ఇస్తిబ్రా, అంటే చివరి చుక్క వరకూ ఆగి శుభ్రపడటం, మన ఇళ్లలో పిల్లలకు మొదటి నుంచీ నేర్పుతారు. మేము ఇరవై నిమిషాలు, అరగంట మరుగుదొడ్డిలోనే ఉండిపోయేవాళ్లం. బయట పిల్లలు వరుసగా నిలబడి ఉండేవారు. హజ్రత్ ఎంత జాగ్రత్తపరులో అనుకునేవారు. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాము. ఒక్కొక్కప్పుడు ఇది షైతాను వస్‌వసా అనుకుని, దాన్ని లెక్కచేయకుండా సఫ్‌లోకి పోయేవాళ్లం. జబ్బును మేము ఒకనాడు తఖ్వా అన్నాము, ఒకనాడు వస్‌వసా అన్నాము. జబ్బు అని మాత్రం ఏనాడూ అనలేదు.

ఒకసారి నంద్యాల నుంచి బస్సులో వస్తూ సగం దారిలో ఆపుకోలేక డ్రైవరును బతిమాలి దిగాము. బస్సు నిండా జనం. కొందరు మా విద్యార్థుల తల్లిదండ్రులు. ఆ తర్వాత నంద్యాల పని పడితే ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేసేవాళ్లం. అదీ మేము కనిపెట్టిన వైద్యం.

మూత్రానికి దారి చేయడం కొత్త విద్య ఏమీ కాదు. కుర్తుబా దగ్గరి జహ్రా నగరానికి చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ వెయ్యేళ్ల క్రితమే తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో వెండి గొట్టంతో బంధించిన మూత్రాన్ని తీసే పద్ధతిని వివరించాడు. పనిముట్ల బొమ్మలు కూడా గీశాడు. ఆయన పేరును మేము తరగతిలో గర్వంగా చెబుతుంటాము. ఆయన ఏ అవయవం గురించి రాశాడో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఇప్పటి గొట్టం కొసన నీటితో ఉబ్బే చిన్న బుడగ ఉంటుంది, జారిపోకుండా. 1930లలో అమెరికా వైద్యుడు ఫోలే దానిని వాడుకలోకి తెచ్చాడు. నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

నాలుగో రోజు ఆపరేషన్. నడుము దగ్గర సూది వేసి కింది భాగం మొద్దుబార్చారు. బయట కోత లేదు. మూత్రనాళం గుండానే దుర్బిణి లాంటి పరికరం పంపి, పెరిగిన కండను విద్యుత్ తీగతో చిన్న చిన్న పలుకులుగా గీసి తీశారు. దీనిని టీయూఆర్‌పీ అంటారు. గీసిన పలుకులను పరీక్షకు పంపారు. ఆ తర్వాత రెండు రోజులు పైనుంచి సెలైను నీరు లోపలికి, లోపలినుంచి ఎర్రని నీరు సంచిలోకి. గడ్డలు కట్టకుండా కడుగుతూ ఉంటారు. సంచిలో ఎరుపు గులాబీగా, గులాబీ లేత పసుపుగా మారుతుంటే మా ఇంటావిడ తస్బీహ్ తిప్పుతూ దానినే చూస్తూ కూర్చున్నది.

వార్డులో మేము అయిదుగురం, అందరిదీ ఇదే ఆపరేషన్. కోవెలకుంట్ల వైపు నుంచి వచ్చిన శనగరైతు ఒకాయన మా పక్క మంచం. పొద్దున లేవగానే "ఏం సాయిబూ, నీ సంచి రంగు ఎట్లుండాది?" అని పలకరించేవాడు. లోపల ఇంత ధారాళంగా మాట్లాడుకునేవాళ్లం. చూడటానికి బంధువులు వస్తే మాత్రం అయిదు మంచాల మీదా ఒకే మాట: "కిడ్నీలో రాయి. తీసేసినారు." మేమూ అదే చెప్పాము. మద్రసా నుంచి వచ్చినవారికి, మస్జిద్ కమిటీ వారికి, వియ్యంకులవారికి, అందరికీ. అబద్ధం పాపమని పిల్లలకు చెప్పే నోటితోనే.

గొట్టం తీసిన మర్నాడు ఇంటికి బయలుదేరాము. మెత్తని దిండు వేసుకుని, లోపల పసిబిడ్డకు కట్టినట్టు ప్యాడ్ కట్టుకుని. వచ్చేటప్పుడు చీకటిలో చూడని దారి అంతా ఈసారి చూశాము. ఎడమ చేతివైపు నల్లమల మనతోనే నడుస్తున్నట్టు ఉంటుంది. నల్లరేగడి నేలలు, కేసీ కాలువ నీటితో పండిన వరి మడులు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించి, నడపలేక ప్రభుత్వానికి అమ్ముకున్న కాలువ ఇది. మొదట పడవలు కూడా నడిచాయి. కాలువకు పూడిక తీయకపోతే పొలం ఎండుతుందని ఈ దారిలో ప్రతి రైతుకూ తెలుసు. మా అబ్బాయి ముందే కారు ఆపే చోట్లు చూసుకున్నాడు. మూడుచోట్ల ఆపాడు, మేము అడగకుండానే.

ఇంటి దగ్గరి రోజుల గురించి కొంచెం వివరంగా చెబుతాము. ఆసుపత్రి కాగితంలో రాసి ఉన్నా, ఇంట్లో ఎవరూ దానిని పూర్తిగా చదవరు. రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు. నీళ్లబిందె, బియ్యపు మూట ఎత్తరాదు. నెలా నెలన్నర పాటు బండి నడపరాదు. మలవిసర్జనకు ముక్కరాదు, రాత్రి ఇసబ్‌గోల్ తప్పనిసరి. పన్నెండో రోజు హఠాత్తుగా మూత్రం మళ్ళీ ఎర్రబడింది. భయపడి ఫోను చేస్తే, లోపలి పుండు పెచ్చు ఊడే సమయమని, నీళ్లు ఎక్కువ తాగి విశ్రాంతి తీసుకోమని, గడ్డలు పడినా మూత్రం ఆగినా జ్వరం వచ్చినా వెంటనే రమ్మని చెప్పారు. మరునాటికి తేటపడింది. పరీక్షకు పంపిన పలుకుల్లో క్యాన్సరు లేదన్న కబురు కూడా ఆ వారంలోనే వచ్చింది. దాని కోసం ఎదురుచూసిన రాత్రుల గురించి ఇంట్లో ఎవరమూ ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. అల్ హమ్దులిల్లాహ్.

దంపతులకు సంబంధించిన ఒక విషయం కూడా దాచకుండా చెప్పాలి. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందిలో వీర్యం బయటికి రాక వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. దానివల్ల హాని లేదు. దాంపత్యం ఆగిపోవలసిన పనీ లేదు. గుస్ల్ మాత్రం ఎప్పటిలాగే తప్పనిసరి, కలయికతోనే అది విధి అవుతుంది కాబట్టి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి. మాకు డాక్టరు చెప్పాడు. మేము ఇంటావిడకు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆమె విని, "దీనికా మీరు ఇన్నాళ్లు మొహం చాటేసింది?" అన్నది.

అన్నిటికన్నా బరువైనది చుక్కలు ఆగకపోవడం. మొదటి మూడు వారాలు కూర్చున్నా, లేచినా, దగ్గినా. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసుకుని ఫర్జ్ చదువుకునేంత వ్యవధి కూడా శుద్ధంగా దొరకనివాడు మాజూర్. ప్రతి నమాజు వేళకూ అతను కొత్తగా వుజూ చేసుకోవాలి. ఆ వేళ ముగిసేవరకు, ఆ చుక్కలు పడినా, ఆ వుజూ నిలుస్తుంది. ఆగని రక్తస్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) స్వయంగా వచ్చి అడిగితే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇచ్చిన సమాధానం నుంచే ఈ సౌలభ్యం వచ్చింది. మూలశంకతో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తన నమాజు గురించి అడిగారు. నిలబడి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చదువుకోవచ్చని ఆదేశం అందింది. ఈ హదీసును మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఏ జబ్బుతో అడిగారన్నది మాత్రం పిల్లలు నవ్వుతారని ఎప్పుడూ మింగేసేవాళ్లం. వాళ్లు సిగ్గుపడి ఊరుకుని ఉంటే మాకు ఈ మసలాలు దక్కేవా?

అయితే మన హనఫీ ఫిఖ్హ్‌లో మాజూర్ ఆరోగ్యవంతులకు ఇమామత్ చేయరాదు. షాఫయీ ఇమాముల వద్ద సడలింపు ఉన్నది. కానీ అక్కరకు వచ్చినప్పుడు మజ్‌హబ్ మార్చుకోవడం మేము పిల్లలకు నేర్పిన పద్ధతి కాదు. మేము ఫజర్, ఇషా చదివించే మనిషిమి. కమిటీ వారు "రాయి తీసేసినారు కదా హజ్రత్, ఇక మీరే నిలబడండి" అంటున్నారు. రాయి అన్న అబద్ధం మమ్మల్ని మిహ్రాబ్ వైపు తోస్తున్నది.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం నడకకు బయలుదేరి శిల్పుల వీధి వైపు పోయాము. ఆళ్లగడ్డ శిల్పం దేశమంతా తెలిసినదే. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దేవాలయాలకు విగ్రహాలు ఇక్కడినుంచే పోతాయి. వారి విశ్వాసం వారిది, మా విశ్వాసం మాది. కానీ ఉలి శబ్దం వింటూ పెరిగినవాళ్లం. ఇప్పుడు ఉలి కన్నా కోత మిషన్ మోతే ఎక్కువ. దుమ్ము తెల్లగా గడపల మీద, గడ్డాల మీద. మాకన్నా పదేళ్లు పెద్దవాడైన ఒక శిల్పి పని ఆపి పలకరించాడు.

"ఏం హజరత్, రాయి తీసినారంట కదా నీకు?"

ఉన్నట్టుండి మాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. జీవితమంతా రాయిని ఎరిగిన మనిషి ఎదుట అసలే నోరు రాలేదు. "రాయి కాదన్నా. ప్రోస్టేట్" అన్నాము.

ఆయన ఉలి కింద పెట్టి కాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాదీ అదే సామీ. రెండేళ్లాయె. నేనూ రాయనే చెప్పినా. మా పిల్లోళ్లకు కూడా అట్లే తెలుసు" అన్నాడు. తాగడానికి నీళ్లు ఇచ్చి, మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదలడం రోజుకు ఎన్నిసార్లు చేయాలో, ఆ వ్యాయామం తాను పనిలో కూర్చునే ఎలా చేసేవాడో చెప్పాడు. ఎవరికీ తెలియకుండా చేయగల వ్యాయామం అదొక్కటే అని నవ్వాడు.

ఆ ఇషాకు కమిటీ పెద్దలను పక్కకు పిలిచి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాము. ఒకరు తల వంచుకున్నారు. మరొకరు తమ తండ్రి రాత్రి ఆరుసార్లు లేస్తున్నారని, ఏ డాక్టరని అడిగారు. మిహ్రాబ్‌లో మా శిష్యుడు, పంతొమ్మిదేళ్ల హాఫిజ్, నిలబడ్డాడు. మేము వెనుక సఫ్‌లో గోడవారగా కుర్చీలో. అక్కడ మాలాంటివారు నలుగురు. వారిలో ఇద్దరు ఎందుకు ఎప్పుడూ చివర, తలుపు దగ్గరే నిలబడతారో ముందు నిలబడిన ఇన్నేళ్లలో మేము ఆలోచించలేదు.

ఆరో వారానికి చుక్కలు ఆగాయి. షాబాను నెల చివరి పరీక్షకు నంద్యాలకు మళ్ళీ బస్సులోనే పోయాము. రమజాను ఉపవాసాలు ఉండవచ్చని, ఇఫ్తార్ నుంచి సహర్ వరకు నీళ్లు బాగా తాగమని చెప్పి పంపారు. తిరుగు ప్రయాణంలో శిరివెళ్ళ మెట్ట ఇంకా రాకముందే వెనుక సీటులోని ఒక వృద్ధుడు లేచి, పంచె కుచ్చిళ్లు పట్టుకుని, కడ్డీలు పట్టుకుంటూ ముందుకు వచ్చాడు. డ్రైవరుతో ఏదో మెల్లగా అన్నాడు. బస్సు ఆగింది. ఆయన దిగి చింతచెట్టు వెనక్కి పోయాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఎవరో విసుగ్గా నవ్వారు. కండక్టరు విజిలు నోట పెట్టుకున్నాడు.

"కొంచెం ఆగు నాయనా, తొందరపెట్టకు. అది తొందరపెడితే రాదు" అన్నాము, బస్సంతా వినేటట్టు.

ఆయన తిరిగి ఎక్కి, ఎవరి మొహమూ చూడకుండా వెనక్కి పోబోయాడు. మేము కిటికీ వైపు జరిగి పక్కన చోటు చూపించాము. కూర్చున్నాడు. బస్సు కదిలింది.

"ఎన్నాళ్ల నుంచి పెద్దాయనా?" అని అడిగాము.