గాడ్‌ఫాదర్ డబ్బుతో కొన్న ద్రాక్షతోట

‘గాడ్‌ఫాదర్’ చూడని సినిమా పిచ్చివాళ్ళు మనలో ఎవరుంటారు చెప్పండి! ఆ సినిమా తీసిన కొప్పోలా, వచ్చిన డబ్బుతో ఏం చేశాడో తెలుసా? 1975లో ద్రాక్షతోట కొన్నాడు. (తర్వాత ‘అపోకలిప్స్ నౌ’ కోసం ఆస్తులు తాకట్టు పెట్టాడనుకోండి, అది వేరే కథ!) ఆ తోట ఉన్నది కాలిఫోర్నియాలోని నాపా లోయలో. పోయిన సెప్టెంబరులో నేనూ వెళ్ళి చూసొచ్చాను.

ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు కారు తీశాడు. “కోటు వేసుకో మావయ్యా” అంటే, “సెప్టెంబరులో కోటేమిట్రా” అని కొట్టిపారేశాను. ఉదయం ఏడింటికి లోయలోకి దిగేసరికి పొగమంచు, గజగజా వణుకు! వాడు నవ్వుతూ వెనకసీట్లోంచి తన కోటు తీసిచ్చాడు. పదకొండింటికల్లా ఎండ చుర్రుమంది.

ఈ లోయ గుట్టంతా అందులోనే ఉంది. శాన్ పాబ్లో అఖాతం మీంచి రాత్రిపూట చల్లగాలి, మంచు పైకి పాకుతాయి. పగటి ఎండకి పండులో తీపి ఊరుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. వేసవిలో వానే ఉండదు కాబట్టి గుత్తి కుళ్ళదు. లోయ పొడవు 30 మైళ్ళే అయినా దక్షిణాన కార్నెరోస్ చల్లన, ఉత్తరాన కాలిస్టోగా వేడి. ఎక్కడికి తగ్గ తీగ అక్కడ. కాబర్నే పండొకటి నోట్లో వేసుకున్నాను. చిన్నది, తోలు మందం, గింజలే ఎక్కువ. తీపి మాత్రం... అబ్బో!

జార్జ్ యౌంట్ అనే ఆయన 1830లలో ఇక్కడ మొదటి తీగలు నాటాడు. ఆ తర్వాత వేళ్ళు తినే పురుగు తోటల్ని తుడిచిపెట్టింది. 1920లో మద్యనిషేధం వచ్చి 1933 దాకా నడిచింది. అసలు క్లైమాక్స్ 1976లో. పారిస్‌లో పేర్లు దాచి ఫ్రెంచి వైన్లనూ వీళ్ళ వైన్లనూ పక్కపక్కన పోశారు. లెక్కలోకి తీసుకున్న మార్కులన్నీ ఫ్రెంచివాళ్ళు వేసినవే. తెలుపులోనూ ఎరుపులోనూ నాపావే ఫస్టు! దీనిమీద 2008లో ‘బాటిల్ షాక్’ అనే సినిమా కూడా వచ్చింది.

నాకు నచ్చింది మాత్రం దానికి ఎనిమిదేళ్ళ ముందు సంగతి. ఇళ్ళ స్థలాలకి గిరాకీ పెరుగుతుంటే, 1968లో ఈ కౌంటీవాళ్ళు లోయని వ్యవసాయానికే కేటాయించేశారు. 20 ఎకరాలకి తక్కువగా ముక్కలు చేయకూడదన్నారు. సొంత భూమి అమ్ముకోనివ్వరా అని కొందరు రైతులే గగ్గోలు పెట్టారట. అయినా చట్టం నిలిచింది. నిప్పుకి చట్టం అడ్డు కాదు కదా, 2020లో కార్చిచ్చు వచ్చి కొన్ని వైన్ కర్మాగారాల్ని బూడిద చేసింది. కాలకుండా మిగిలిన తోటల్లోనూ పండుకి పొగవాసన పట్టి, కోయకుండా వదిలేసినవాళ్ళున్నారు.

తిరుగు ప్రయాణంలో మేడ్చల్ దగ్గరి మా నాన్న తోట గురించి చెప్పాను. అనాబ్-ఇ-షాహి పందిళ్ళు, వేలాడే పొడుగాటి పచ్చటి గుత్తులు, పిట్టల్ని తోలడానికి నాకిచ్చిన డబ్బా... ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ అవే తోటలు.

“ఇప్పుడెక్కడుంది మావయ్యా ఆ తోట?”

“పోయినేడు పెళ్ళికొచ్చి దిగావు చూడు, ఆ అపార్ట్‌మెంటు కింద.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత రేడియో పెట్టాడు.