బరువుకి బరువే మందు

కావడి మోసేవాణ్ణి ఎప్పుడైనా గమనించారా? రెండు వైపులా నిండు బిందెలుంటే చకచకా వెళ్ళిపోతాడు. ఒక బిందె ఖాళీ చేసి చూడండి, మొత్తం బరువు సగానికి తగ్గినా సరే, పది అడుగులు తిన్నగా వెయ్యలేడు. బరువు తగ్గించటం వేరు, సమం చెయ్యటం వేరు. ఈ ముక్క నాకు బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి జీపు చక్రాలు చెప్పాయి.

అమ్మాయికి అరకు కొండల్లో కాఫీ రైతుల మధ్య తిరిగే ఉద్యోగం. ఆ బురద దారుల కోసం పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపొకటి కొని, ఇంతింత గుబ్బలున్న పెద్ద టైర్లు వేయించింది. కొండమీద ఆ జీపు మహా బుద్ధిమంతురాలు. శృంగవరపుకోట దాటి విశాఖపట్నం వైపు మంచి రోడ్డెక్కి 80 దాటిందా, స్టీరింగుకి పూనకమే! మావారు తేల్చేశారు: "ఆ బండి అమ్మెయ్యి. ఇక్కడే ఏదైనా ఆఫీసు ఉద్యోగం చూసుకో."

అమ్మాయి కంచంలో అన్నం సగం వదిలేసి లేచింది. బండి వణుకు కాస్తా పిల్ల బతుకు సంగతై కూర్చుంది.

మర్నాడు దానితోపాటు నేనూ టైర్ల షాపుకి బయల్దేరాను. అక్కడి మేస్త్రీ ముందుగా రిమ్ముల లోపల అట్టకట్టిన బురద గీకించాడు. "సగం జబ్బు ఇదేనమ్మా" అన్నాడు. తర్వాత చక్రాన్ని మిషనుకి బిగించి తిప్పితే 140 గ్రాముల తేడా చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఇద్దరు పట్టి ఎత్తాల్సిన చక్రానికి రెండు టమాటాల బరువు ఒక లెక్కా?

లెక్కేనట! ఇంజనీరింగు చదివే మా అబ్బాయి కాగితం మీద వేసి చూపించాడు. రిమ్ము అంచున 50 గ్రాములు ఎక్కువుంటే, గంటకి 100 కిలోమీటర్ల వేగంలో అది 5 కిలోల పైచిలుకు బలంతో చక్రాన్ని లాగుతుంది. అదీ సెకనుకి 11 సార్లు. వేగం సగమైతే ఆ లాగుడు నాలుగోవంతే. అందుకే కొండమీద బయటపడలేదు. నా నవలల్లో నాయికలు చిన్న మాటకే పుట్టింటికి వెళ్ళిపోతారని విమర్శకులు విసుక్కుంటారు. వాళ్ళకి ఈ 50 గ్రాముల సంగతి తెలియదు కాబోలు!

మేస్త్రీ వెంటనే బరువు బిళ్ళలు తియ్యలేదు. గాలి తీసి, టైరుని రిమ్ము మీద అర చుట్టు జరిపి మళ్ళీ బిగించాడు. టైరు బరువు వైపుకి రిమ్ము తేలిక వైపు ఎదురుపడింది. 140 కాస్తా 60కి దిగింది! దేన్నీ మార్చలేదు, చోటు మార్చాడంతే. మిగిలినదానికి రిమ్ము లోపలి అంచున కొన్ని, బయటి అంచున కొన్ని బిళ్ళలు అంటించాడు. వెడల్పు టైరు కదా, ఒక పక్కే సరిచేస్తే అటూ ఇటూ ఊగుతుందట.

"మళ్ళీ వణికితే?" అన్నాను.

"బురదలో గాలి తగ్గించి నడిపితే టైరు రిమ్ము మీద జారి లెక్క తప్పచ్చు. అప్పుడు తీసుకురండి. బ్యాలెన్సు సరిగ్గా ఉండీ వణికిందంటే మటుకు స్టీరింగు జాయింట్లు చూపించాలి."

ఆ సాయంత్రం అమ్మాయి వాళ్ళ నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కింది. వెనక నేను. 80 దాటింది, 90 దాటింది. ఆయన రోడ్డు చూడటం మానేసి స్టీరింగు వంకే చూస్తున్నారు. అది కదల్లేదు.

చాలాసేపటికి గొంతు సవరించుకున్నారు.

"సోమవారం ఎన్నింటికే నీ ప్రయాణం?"