ముడినూనెలోని ఉప్పునీరు

మన ధర్మసాగరమునకు సముద్రము మిక్కిలి దూరము. ఇచ్చట నూనెబావులును లేవు. మనకున్నది చెఱువు. దేవాదులయొద్ద ఎత్తిపోయబడు గోదావరి జలము దీనిలోనికి వచ్చి, ఇచ్చటనుండి వరంగల్లు ప్రజలకు త్రాగునీరుగా పోవుచున్నది. ఇట్టి మంచినీటి యూరిలో కూర్చుండి మేము ముడినూనెలోని ఉప్పును గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని మన పొలములను దున్ను ట్రాక్టరునకును, దూరపు పిల్లలను బడికి దెచ్చు బస్సునకును డీజిలు కావలెను గదా! విశాఖపట్టణమునుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వఱకు భూమిలో గొట్టపుమార్గమొకటి కలదు. విశాఖలో శుద్ధియైన పెట్రోలు, డీజిలు మున్నగునవి దానిగుండ తెలంగాణమునకు వచ్చుచున్నవి. ఆ శుద్ధిలో మొట్టమొదటి పని ఉప్పును కడుగుట.

ముడినూనె భూగర్భమున ఒంటరిగా నుండదు. దానితో ఉప్పునీరును రాతిపొరలలో నిమిడియుండును. బావినుండి నూనె పైకి వచ్చునపుడు ఆ నీరును వెంటవచ్చును. బావులకడనే చాల భాగము తీసివేయుదురు. ఓడలలో వచ్చునపుడు మరల కొంత చేరుటయు కలదు. అందుచేత కర్మాగారపు వాకిటికి వచ్చిన నూనెలో కంటికి గానరాని నీటిబిందువులును, వానిలో కరగిన ఉప్పులును మిగిలియుండును. మనము కూరలో వేయు ఉప్పే వీనిలో ముఖ్యమైనది. మగ్నీషియము, కాల్షియము అను లోహముల క్లోరైడులును దానితో నుండును.

ఇంత స్వల్పమైన ఉప్పు మహాయంత్రములను ఏమి చేయగలదని అడుగుదురేమో! శుద్ధి చేయుటకై ముడినూనెను కొలిమిలో సుమారు 350 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి కాచుదురు. అప్పుడు నీరు ఆవిరియై తన పరిమాణమునకు వందల రెట్లు వ్యాపించి, స్తంభములోని పళ్లెములను కదలించివేయగలదు. ఉప్పు గొట్టముల లోపల పెచ్చుగట్టి వేడిని అడ్డగించును. అంతకంటె కీడు మఱియొకటి కలదు. మగ్నీషియము, కాల్షియము క్లోరైడులు వేడికిని నీటియావిరికిని విచ్ఛిన్నమై హైడ్రోక్లోరికు ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము ఆవిరితో పైకి పోయి, స్తంభపు శిరోభాగమున చల్లబడి ఏర్పడు మొదటి నీటిబొట్లలో కరగి, ఇనుమును తినివేయును. గొట్టము వెలుపల రంగు చెడదు. లోపల మాత్రము దినదినము పలుచనగును.

ఈ లెక్కను మా తరగతిలో వేసి చూచితిమి. విశాఖ కర్మాగారమును కాల్టెక్సు సంస్థ 1957లో ప్రారంభించినది. (1978లో అది హిందూస్థాన్ పెట్రోలియము సంస్థలో కలిసినది.) ప్రారంభమున దాని శక్తి సంవత్సరమునకు 6,75,000 టన్నులు, అనగా దినమునకు సుమారు 13,500 బారెళ్లు. బారెలనగా 159 లీటర్లు. వేయి బారెళ్ల నూనెలో 50 పౌన్ల ఉప్పున్నదనుకొందము. అప్పుడు దినమునకు 675 పౌన్లు, అనగా 300 కిలోగ్రాములకు పైగా ఉప్పు కొలిమివైపు నడచును. నేడు ఆ కర్మాగారము నాటికంటె ఎన్నియో రెట్లు పెద్దది. కడిగినపిదప వేయి బారెళ్లకు ఒక్క పౌను మాత్రమే మిగులవలెనని కర్మాగారములవారు గుఱి పెట్టుకొందురు. అది లీటరునకు మూడు మిల్లిగ్రాములకంటె తక్కువ!

దీనిని తీయు విధమును చెప్పినప్పుడు తరగతిలో ఒక బాలిక లేచి, “అయ్యా! నీటిని తీయవలెనని చెప్పి, మరల నీళ్లు పోయుదురా?” అని యడిగినది. మంచి ప్రశ్న! ఏలయన ముడినూనెలో నూటికి మూడు మొదలు పది పాళ్ల వఱకు మంచినీటిని వారు నిజముగానే కలుపుదురు. దీనికి సమాధానము మన యిండ్లలోనే కలదు. చిలికి తీసిన వెన్నను మన తల్లులు చల్లని నీళ్లలో రెండు మూడు మాఱులు కడుగుదురు. వెన్నలో చిక్కిన పుల్లని మజ్జిగను పిండినను పోదు. కడిగిన నీటిలో కలిసి పోవును. అట్లే ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరగును. లోపలి ఉప్పుబిందువులు మంచినీటి బిందువులతో కలిసి, ఉప్పును వానికి పంచి, వానితోడనే దిగిపోవలెను.

అయితే ఈ దిగుట సులభము కాదు. మేము రెండు సీసాలలో పల్లినూనెయు ఉప్పునీరును పోసి కుదిపి చూచితిమి. మొదటిదానిలో కొంతసేపటికి నీరు అడుగునకు దిగెను. సబ్బునీరు కొంచెము చేర్చిన రెండవది పాలవలె తెల్లబడి, ఆ గంట ముగియువఱకు అట్లే నిలిచెను. ప్రతి బిందువు చుట్టును సబ్బు ఒక పొరగా నేర్పడి, బిందువులను ఒకదానితో నొకటి కలియనీయలేదు. ముడినూనెలోని తారువంటి పదార్థములును ఇట్టి పొరనే కట్టును. కావున కర్మాగారములలో నూనెను 100 మొదలు 150 డిగ్రీల వఱకు వేడిచేసి పలుచన చేయుదురు. నీరు మరగకుండుటకై ఒత్తిడిలో నుంచుదురు. పొరను చెఱచు మందును కొలది చుక్కలు కలుపుదురు.

బిందువు పెద్దదైనచో ఎంత మేలో 1851లో స్టోక్సు అను శాస్త్రజ్ఞుని సూత్రము తెలుపుచున్నది. వ్యాసము రెండింతలైన దిగు వేగము నాలుగింతలగును, పదింతలైన నూఱింతలగును. చిన్న బిందువులను కలిపి పెద్దవిగా చేయుటకే విద్యుత్తు తోడ్పడును. పడుకొనబెట్టిన పీపావంటి గొప్ప ఉక్కుపాత్రలో లోహపు జల్లెడలను వ్రేలాడగట్టి వానికి 15,000 మొదలు 35,000 వోల్టుల వఱకు ఇత్తురు. మన యిండ్ల దీపములకు 230 వోల్టులే! ఆ శక్తికి బిందువులు సాగి, ఒకదాని నొకటి ఆకర్షించి, కలిసి, బరువై అడుగున చేరును. పైనుండి నూనె, క్రిందినుండి ఉప్పునీరు వేఱువేఱుగా వెడలును. ఒకమాఱు కడిగిన నూటికి తొంబది పాళ్ల ఉప్పు పోవును. రెండు పాత్రలలో కడిగిన తొంబదితొమ్మిది పాళ్ల వఱకు పోవును.

ఈ యుపాయమును కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తన సహచరునితో కనుగొని 1911లో పేటెంటు పొందెను. పొగలోని ధూళిని విద్యుత్తుచే పట్టు యంత్రమును అతనిదే. రామగుండపు బొగ్గు విద్యుత్కేంద్రములో బూడిదను పట్టునది ఆ జాతి యంత్రమే. ఆ ధూళియంత్రపు హక్కులను అతడు తన ధనార్జనకు నిలుపుకొనక, 1912లో శాస్త్రపరిశోధనకు ధనమిచ్చు సంస్థను స్థాపించి దాని కప్పగించెను.

కడిగిన నీటి సంగతియు మఱువరాదు. దానిలో ఉప్పును నూనెజిడ్డును ఉండును. దాని నట్లే సముద్రమున విడిచిన చేపలకును, చేపలు పట్టి బ్రదుకు జాలరులకును హాని. అందుచే దానిని మరల శుద్ధి చేయవలెను. కర్మాగారమందే మఱియొకచోట వెలువడిన నీటిని బాగుచేసి కడుగుటకు వాడుటయు కలదు. మంచినీటి విలువ నెఱిగిన మనకిది మెచ్చదగిన పని.

మా పూర్వవిద్యార్థులలో గొట్టములను అదుకు పని నేర్చి ఇట్టి కర్మాగారములకు పోయినవారు కలరు. అది అపాయము లేని పనియేనా యని వారి తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. 1997 సెప్టెంబరు 14న విశాఖ కర్మాగారములో వంటవాయువు వెలువడి అంటుకొని యాబదిమందికి పైగా మరణించిరి. అది ఉప్పువలన కలిగినదని మేము చెప్పుట లేదు. గొట్టములలో నుండవలసినది వెలుపలికి వచ్చిన నేమగునో అది చూపినది. కావున ఆ తల్లిదండ్రులకు మేమిచ్చు ఉత్తర మిది: ఆ పిల్లల క్షేమము పెద్ద కొలిమి మీదనే కాక, ప్రయోగశాలలో ప్రతిదినము నూనెలోని ఉప్పును కొలుచువాని మీదను ఆధారపడియున్నది. అంకె హెచ్చినదినమున హెచ్చినదనియే వ్రాసి, పై యధికారికి చెప్పువాడు అచ్చట నుండవలెను. విద్యార్థులారా! మీ ప్రయోగపు పుస్తకములలో వచ్చిన అంకెనే వ్రాయుడని, రావలసిన అంకెను వ్రాయవలదని మేము పదేపదే చెప్పుట ఇందుకే.